అప్పు లేని విహారయాత్ర



బడులు తెరిచిన తరువాత, జూన్ నెలలో గృహదర్శనాలకు వెళ్లినప్పుడు మేము ఒక సంగతి గమనిస్తూ వచ్చాము. మే నెలలో ఫోటోలలో నవ్వుతూ కనిపించిన కుటుంబాలే జూన్ వచ్చేసరికి పిల్లల పుస్తకాలకు, ఫీజులకు ఎవరిని అడుగుదామా అని చూస్తూ ఉంటాయి. చిన్న ఉద్యోగం చేసుకునే ఒక సహోదరుడు మాతో దాచకుండా చెప్పాడు. "అయ్యగారూ, ఊటీలో మేము మూడు రోజులున్నాము. దాని వడ్డీ మాత్రం ఏడాదంతా మా ఇంట్లోనే ఉన్నది."

అప్పు చేసి ఎందుకు వెళ్లావు నాయనా అని అడగబోయి ఆగాము. అడగడానికి మాకు నోరు రాలేదు. ఎందుకంటే అతని తంటా అతనిది కాగా, మా ఇంట్లో దానికి తలక్రిందులైన తంటా ఒకటి అప్పటికే మొదలైనది.

సేవకుల పిల్లలు చాలా ఊళ్లు చూస్తారు. మా పిల్లలు కూడా కావలి చూశారు, ఒంగోలు చూశారు, గుంటూరు చూశారు. అయితే వారు చూసినది కూటముల పందిళ్లు, భోజనాల వరుసలు, సామాను పెట్టుకునే గదులు. అప్పుడు ఆరవ తరగతి చదువుతున్న మా అమ్మాయి 'నా సెలవులు' అనే వ్యాసంలో ఏ పందిట్లో ఎన్ని ఫ్యాన్లు ఉన్నవో వ్రాసినది. చదివి మేము నవ్వాము. తొమ్మిదవ తరగతి చదువుతున్న మా అబ్బాయి నవ్వలేదు. "నాన్నా, సెలవులంటే మనకు కూటములేనా? మనం ఊరికే, చూడటానికని ఎక్కడికైనా ఎప్పుడైనా వెళ్లామా?" అన్నాడు. వాడి తరగతిలో అందరూ ఒక్కొక్క ఊరి పేరు చెప్పారట. వాడి వంతు వచ్చేసరికి తలనొప్పి అని చెప్పి బయటికి పోయి నిలబడ్డాడట. ఈ సంగతి వాడు చెప్పలేదు, చెల్లెలు చెప్పినది.

ఆ రాత్రి మా ఇంటావిడ వంటగదిలోని పాత పాలపొడి డబ్బా తెచ్చి మా ముందు పెట్టినది. మిక్సీ కొనుక్కోవాలని కూడబెట్టిన డబ్బు అందులో ఉన్నది. లెక్కపెడితే రూ.3,500. "మిక్సీ వచ్చే ఏడైనా వస్తుంది. వాడికి పద్నాలుగో ఏడు మళ్లీ రాదు" అన్నది. అంతకంటే ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకూడదు, ఎవరి దగ్గరా చేబదులు తీసుకోకూడదు అని ఇద్దరము ఒప్పందం చేసుకున్నాము. మా అమ్మగారితో కలిపి ఐదుగురము. ఎక్కడికి పోగలము?

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. వేదాంత విద్య చదువుకునే రోజులలో మేము కొంతకాలం హైదరాబాదులో ఉన్నాము. ఒక సెలవు రోజున చేతిలో పైసలు లేక, గదిలో కూర్చోబుద్ధి కాక, తోటి విద్యార్థి ఒకడు రమ్మంటే సిటీ బస్సెక్కి వనస్థలిపురం వెళ్లాము. విజయవాడ రోడ్డు పక్కనే మహావీర్ హరిణ వనస్థలి ఉన్నది. ఒకప్పుడు నిజాం వేటాడిన అడవి అది. మహావీరుని నిర్వాణానికి 2500 సంవత్సరాలు నిండిన సందర్భంగా 1975లో జింకల పార్కుగా చేశారు, 1994లో నేషనల్ పార్కు అయినది. లారీల మోత వినబడుతూనే ఉన్నది, ఇంతలో గడ్డిలోనుండి మెలికలు తిరిగిన కొమ్ములతో ఒక కృష్ణజింక లేచి నిలబడి మావైపు చూసినది. ఆ రోజు మా ఖర్చు బస్సు చార్జీ, టికెట్టు, వేరుసెనగ పొట్లం. ఇన్నేళ్లయినా ఆ చూపు మరువలేదు.

నేషనల్ పార్కు అనగానే మనలో చాలామందికి పులులు, జీపులు, వేలకు వేలు అద్దె తీసుకునే హోటళ్లు గుర్తుకు వస్తాయి. టీవీలో చూపించేవి అవే. దేశంలో నేషనల్ పార్కులు వందకు పైగా ఉన్నవి. వాటిలో పేరు మోసినవి పది పన్నెండు. మిగిలినవి మన బస్సు రూట్లలోనే ఉండి, మనకు తెలియక మిగిలిపోయినవి. హైదరాబాదు వారికి చెప్పిన వనస్థలి కాక, చిలుకూరు దగ్గర మృగవని ఉన్నది, జూబ్లీహిల్స్‌లో కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు ఉన్నది. ప్రతిరోజూ దాని ప్రహరీ పక్కనుండి ఆఫీసుకు పోయేవారిలో అది నేషనల్ పార్కు అని ఎందరికి తెలుసు? ఆంధ్రలో గోదావరి మీద పాపికొండలు 2008లో నేషనల్ పార్కు అయినవి. మాకు దగ్గర్లో ఉన్నది శేషాచలం కొండలలోని శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు. 1989లో ఏర్పడినది. విస్తీర్ణం 353 చదరపు కిలోమీటర్లు. ఒకప్పటి చిత్తూరు, కడప జిల్లాలలో పరచుకొని ఉన్నది. తిరుపతికి ఏటా కోట్లమంది వస్తారు, ఆ కొండల వెనుక ఒక నేషనల్ పార్కు ఉన్నదని తెలిసినవారు తక్కువ. అందులో తలకోన జలపాతం ఉన్నది. అక్కడికి పోదామనుకున్నాము.

2023 జనవరి, సంక్రాంతి సెలవులు. ఆదివారం ఆరాధన ముగించుకొని సోమవారం మధ్యాహ్నం గూడూరులో తిరుపతి రైలు ఎక్కాము. వెంకటగిరి, శ్రీకాళహస్తి, రేణిగుంట మీదుగా వెళ్లే బండి. జనరల్ పెట్టెలో ఐదుగురికి రానుపోను రూ.550 అయినది. బస్‌స్టాండు వెనుక సందులో రూ.700కు ఒక గది దొరికినది. మంచాలు రెండు, ఐదుగురము. మేము, మా అబ్బాయి క్రింద పడుకున్నాము. తిరుపతిలో శని, ఆదివారాలలోను, బ్రహ్మోత్సవాల రోజులలోను గది దొరకడమే కష్టం, దొరికినా అద్దె మన అందుబాటులో ఉండదు. వారం మధ్యలో వెళ్లవలెను. సేవకులకు ఆదివారం ఎలాగూ కుదరదు గనుక ఈ ఒక్క విషయంలో మన ఇబ్బందే మనకు లాభం.

తిరుపతి నుండి తలకోన 60 కిలోమీటర్ల లోపే. నేరుగా పోయే బస్సులు తక్కువ. పీలేరు, మదనపల్లె వైపు పోయే బస్సెక్కి భాకరాపేటలో దిగితే అక్కడనుండి నెరబైలు మీదుగా తలకోనకు ఆటోలు ఉంటాయి. అప్పుడు బస్సుకు ఐదుగురికి టికెట్టు కొన్నాము. ఇప్పుడు వెళ్లేవారికి మాకంటే తక్కువే అవుతుంది. 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైనది. తెలంగాణలో అంతకు ముందే, 2023 డిసెంబరులో మొదలైనది. మా కుటుంబంలో ముగ్గురు ఆడవారే. ఆధార్ కార్డు మరువకండి.

భాకరాపేట దగ్గర ఘాట్ రోడ్డు ఎక్కేసరికి మా అమ్మగారు కళ్లు మూసుకొని ప్రార్థనలో ఉన్నారు. పిల్లలు కిటికీలోనుండి తల బయట పెట్టకుండా ఆపడం మా పని అయినది.

పార్కు గేటు దాటిన తరువాత గాలి మారిపోయినది. ఆ ముందు డిసెంబరులో మాండూస్ తుఫాను వచ్చి చిత్తూరు, నెల్లూరు వైపు చెరువులన్నీ నింపి పోయినది. అడవి ఇంకా తడిగా, ముదురాకుపచ్చగా ఉన్నది. ఆటో డ్రైవరు ఒక చోట ఆపి, రోడ్డు ప్రక్కన చెట్టు చూపించాడు. బెరడు మొసలి చర్మం వలె పలకలు పలకలుగా చీలి ఉన్నది. ఎర్రచందనం. తూర్పు కనుమలలో దక్షిణ భాగపు కొండలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా ఈ చెట్టు సహజంగా పెరగదు. పేపరులో ఎర్రచందనం దొంగలను గూర్చి ఎన్నోసార్లు చదివాము గానీ చెట్టును చూడటం అదే మొదటిసారి. "ఇంత మామూలుగా ఉన్నదే!" అన్నాడు మా అబ్బాయి. నిజమే. దానికోసం మనుష్యులు చంపుకునేంత వెల ఉన్నట్టు పైకి ఏమీ కనబడదు.

క్రింద సిద్ధేశ్వరస్వామి ఆలయం ఉన్నది. అక్కడికి యాత్రికులు వస్తూ పోతూ ఉంటారు. అక్కడనుండి జలపాతానికి మెట్లు, రాళ్ల దారి మొదలవుతుంది. మా అమ్మగారు మోకాళ్లు పట్టుకొని మెట్ల వైపు ఒకసారి చూసి, "మీరు పోయి రండి, నేను ఈ చెట్టు క్రింద కూర్చుంటాను. అడవి ఇక్కడా ఉన్నది గదా" అన్నారు. పులిహోర సంచి ఆమె దగ్గర పెట్టి బయలుదేరాము. అది మేము చేసిన మొదటి తప్పు.

దారిలో గిల్లతీగ చూశాము. తీగ అన్న మాటే గాని దానికి పొట్టేలు నడుమంత లావు. ఒక చెట్టు మీదనుండి మరొక చెట్టు మీదికి, అక్కడనుండి ఇంకొక దాని మీదికి పాకి, మొదలెక్కడో చివరెక్కడో తెలియకుండా ఉన్నది. దాని కాయలు ఒక గజం పైన పొడవుంటాయి. మా అమ్మాయి క్రింద రాలిన గింజ ఒకటి ఏరుకున్నది. అరచేతి గుంటలో సరిపోయేంత గింజ, గోధుమరంగు, నున్నగా ఉన్నది. జేబులో వేసుకోబోతే మేము వద్దన్నాము. నేషనల్ పార్కులోనుండి ఆకైనా గింజైనా తీసుకుపోకూడదని చట్టం. "ఒక్కటే కదా నాన్నా" అన్నది. వచ్చిన ప్రతివారు ఒక్కటే అనుకుంటే ఏమవుతుందో చెప్పాము. చెప్పినది అర్థమైనదో లేదో, ముఖం ముడుచుకొని గింజను తీగ మొదట్లోనే పెట్టి వచ్చినది.

మృగాలను గూర్చి ఆశ పెట్టుకోవద్దని ముందే పిల్లలకు చెప్పి ఉన్నాము. ఈ కొండలలో చిరుతలున్నవి, ఎలుగుబంట్లున్నవి, రాత్రిపూట మాత్రమే తిరిగే దేవాంగపిల్లి ఉన్నది. పగలు నడిచిపోయేవారికి అవి కనబడవు. కనబడకపోతేనే మేలు కూడా. 2023 ఆగస్టులో, మేము వచ్చిన ఏడు నెలలకు, ఇవే కొండలలో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత ఎత్తుకుపోయి చంపినది. ఆ వార్త చదివి మా ఇంటావిడ చాలాసేపు మాట్లాడలేదు. తెల్లవారకముందు, చీకటి పడిన తరువాత పిల్లలతో అడవిలో ఉండకూడదు. పిల్లలను ముందు పరుగెత్తనీయకూడదు. మేము పరుగెత్తనిచ్చాము.

మాకు కనబడినవి ఇవి: పిల్లి అంత పెద్ద ఉడుత ఒకటి కొమ్మమీద బోర్లా పడుకొని తోక క్రిందికి వేలాడవేసి ఉన్నది. సీతాకోకచిలుకలు తడి ఇసుక మీద గుంపుగా కూర్చొని నీళ్లు పీల్చుచున్నవి. పేరు తెలియని పక్షి ఒకటి, గొంతు దగ్గర పసుపు. ఇంటికి వచ్చిన తరువాత పుస్తకంలో చూస్తే పసుపు గొంతు పిగిలిపిట్ట కావచ్చుననిపించినది. దక్షిణాది రాతి కొండలలో తప్ప ఉండని పిట్ట అది. జీపు సవారీకి వేలు పోసినవారు దానిని చూసి ఉండరు.

జలపాతం 270 అడుగుల ఎత్తు. లెక్క చదివితే ఏమీ తెలియదు. దగ్గరికి పోయి తల పైకెత్తితే మెడ నొప్పి పుట్టేవరకు రాయి, ఆ రాయి మీదనుండి నీరు. పైన ధారగా బయలుదేరి, సగం దూరం వచ్చేసరికి విడిపోయి, మా దగ్గరికి తుంపరగా చేరినది. మాటలు వినబడవు. మా అబ్బాయి నోరు తెరుచుకొని నిలబడ్డాడు. వాడి భుజం మీద చెయ్యి వేశాము. పద్నాలుగేళ్లవాడు, అలా చెయ్యి వేస్తే తోసేసే వయసు. తోసెయ్యలేదు.

అంతలోనే గొడవ వచ్చినది. కొందరు యువకులు క్రింది మడుగులో దిగి ఈత కొడుతున్నారు. వాడు కూడా దిగుతానన్నాడు. ప్రమాదమని బోర్డు ఉన్నది. ఇక్కడి మడుగులలో ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు. పైనుండి చూస్తే మోకాలి లోతు అనిపించే చోట రాతి క్రింద ఎంత లోతు ఉన్నదో తెలియదు, పైగా నాచు. మేము వద్దన్నాము. "ఇంత దూరం వచ్చి తడవకుండా పోవడమేనా? వాళ్లు దిగలేదా?" అని గొంతు పెంచాడు. చుట్టూ ఉన్నవారు చూస్తున్నారు. సంఘంలో వందమందికి బుద్ధి చెప్పే మేము కొడుకు ముందు మాట తడబడి నిలుచున్నాము. చివరకు వాడి తల్లి చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకొని, తుంపర పడే రాతి మీద పోయి కూర్చున్నది. "ఇక్కడికి రారా, ఇక్కడ కూడా తడుస్తావు" అన్నది. వాడు పోయి కూర్చున్నాడు. కాసేపటికి మేము, అమ్మాయి కూడా. నలుగురము నిలువునా తడిసిపోయాము. మార్చుకోవడానికి ఒక జత అదనంగా తేవాలన్న సంగతి ఎవరికీ తోచలేదు. తడి బట్టలతోనే దిగివచ్చాము.

క్రింద మా అమ్మగారి దగ్గర పులిహోర లేదు. కోతులు సంచి లాక్కొని చెట్టెక్కినవి. ఆమె నవ్వుచున్నారు. ఆమె పక్కన ఒక స్త్రీ, యాభై పైన వయసుంటుంది, ఉసిరికాయల గంప ముందు పెట్టుకొని కూర్చొని ఉన్నది. ఇద్దరూ చాలాసేపటినుండి మాట్లాడుకుంటున్నట్టున్నది. ఆకలితో ఉన్నాము గనుక ఉసిరికాయలు కొందామనుకున్నాము. తన చేని గట్టు మీది చెట్టువని చెప్పినది. గుప్పెడు ఇరవై రూపాయలు. మేము పదిహేను అన్నాము. ఆమె ఇరవై అన్నది. డబ్బాలోని డబ్బు లెక్క మా తలలో తిరుగుచున్నది. పదిహేనే అన్నాము. ఆమె ఏమీ అనకుండా కాయలు పోసినది. మేము ఐదు రూపాయలు మిగిల్చిన తృప్తితో జేబులో చెయ్యి పెట్టుకొని అక్కడున్న చిన్న హోటలు వైపు నడిచాము.

అన్నం తినేటప్పుడు మా అమ్మగారు ఆ స్త్రీ చెప్పిన మాటలు మాకు చెప్పారు. "పెద్దమ్మా, మా నాయన కాలంలో మా మేకలు ఈ కొండలోనే మేసేవి. నేను ఆరేండ్ల దాన్నప్పుడు మేకల ఎంబడి ఆ నీళ్లకాడికి రోజూ పోయేదాన్ని. ఇప్పుడు మేపనీరు. మేకలు అమ్ముకున్నాం. అడవి బాగుండాల, కాదనం. మేమూ బాగుండాల గదా."

ఈ సంగతి మేము చదవనిది కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో పశువుల మేతకు కొంత వీలున్నది, నేషనల్ పార్కులో లేదు. అందువలననే నేషనల్ పార్కులో గడ్డి నిలబడినది, మొలకలు పెరిగినవి, జింక బ్రతికినది. ఆ చట్టం లేకపోతే మా అబ్బాయి నోరు తెరుచుకొని చూసినది ఏదీ మిగిలి ఉండేది కాదు. అయితే దాని వెల కట్టినది ఎవరు? మన చేతిలోని టికెట్టు చవక, ఎందుకంటే మిగిలినది మరొకరు కట్టారు. కట్టినవారి దగ్గరకు పోయి మేము ఐదు రూపాయలు బేరమాడాము.

పొదుపు చేయడం మంచిదని ఈ పేజీలో మేము ఎన్నోసార్లు వ్రాశాము. ఏ ఖర్చులో పొదుపు చేయవలెనో మాత్రం ఎప్పుడూ వ్రాయలేదు. గదిలో పొదుపు చేయవచ్చు, క్రింద పడుకోవచ్చు. రైలులో నిలబడి పోవచ్చు. తిండి ఇంటినుండి తెచ్చుకోవచ్చు, కోతులకు అందకుండా చూసుకోగలిగితే. కానీ అడవి అంచున గంప పెట్టుకొని కూర్చున్న మనిషి దగ్గర, దారి చూపే కుర్రవాని దగ్గర, అన్నం వండిపెట్టే చిన్న హోటలు దగ్గర పొదుపు చేస్తే అది పొదుపు కాదు. ఈ మాట ఇప్పుడు వ్రాయడం సులువు. అప్పుడు అన్నం గొంతు దిగలేదు.

చెయ్యి కడుక్కొని ఆమెను వెదుక్కుంటూ వెనుకకు పోయాము. గంప లేదు, ఆమె లేదు. ఎవరినో అడిగితే ఊరివైపు పోయినదన్నారు. ఆ దారిన కొంత దూరం పోయి చూశాము. అడ్డదారులున్నట్టున్నవి, కనబడలేదు. అరగంట తరువాత ఉత్తచేతులతో, అంటే చేతిలో ఐదు రూపాయల బిళ్లతో, తిరిగివచ్చేసరికి భాకరాపేటకు మనిషికి ఇంత అని ఎక్కించుకొని పోయే ఆఖరి ఆటో పోయినది. మా ఇంటావిడ ఆపమని ఎంత చెప్పినా మిగిలినవారు తొందర పెట్టారట. తప్పు వారిది కాదు. ఆఖరి బండి ఎన్నింటికని ఉదయమే అడగవలసినది. మేము అడగలేదు.

నాలుగు దాటినది. కొండ నీడ రోడ్డు మీదికి వచ్చినది. తడి బట్టలు ఒంటిమీదనే ఆరుచున్నవి, అమ్మాయి తుమ్ముచున్నది. కాసేపటికి ఒక ఆటో దొరికినది. భాకరాపేటకు మా ఐదుగురినే తీసుకుపోవాలంటే ఏడు వందలు అన్నాడు. ఉదయం అందరితో కలిసి వచ్చినందుకు మూడు వందలే ఇచ్చాము. మేము నోరు తెరవబోయాము. మా ఇంటావిడ మా వైపు ఒక చూపు చూసినది. నోరు మూసుకొని ఎక్కాము. ఘాట్ రోడ్డులో మా అబ్బాయి ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. "నాన్నా, ఐదు రూపాయలు మిగిలించడానికి ఏడు వందలు అయినది" అన్నాడు. మా అమ్మగారు నవ్వారు. మాకు కూడా నవ్వు వచ్చినది, కొంచెం ఆలస్యంగా.

లెక్క అడిగేవారి కొరకు లెక్క: రైలు 550, గది 700, తిరుపతి, భాకరాపేట మధ్య బస్సు రానుపోను 550, ఉదయపు ఆటో 300, సాయంత్రపు ఆటో 700, గేటు టికెట్లు, తిండి, ఉసిరికాయలు అన్నీ కలిపి 700. మొత్తం రూ.3,500. డబ్బా అడుగు కనబడినది. గూడూరు స్టేషనులో దిగేసరికి రాత్రి చాలా పొద్దుపోయినది, ఇంటికి ఆటోకు డబ్బు లేదు. మా సంఘపు యువకుడొకడు ఆటో నడుపుతాడు, అతనికి ఫోను చేస్తే నిద్రలేచి వచ్చాడు. చేబదులు తీసుకోకూడదన్న ఒప్పందం అక్కడ కొంచెం తప్పినట్టే. మరుసటి ఆదివారం అతనికి డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. బేరం లేకుండా ఇంకా రెండుసార్లు అడిగి ఇచ్చాము.

మీలో ఎవరైనా వెళ్లదలచుకుంటే మా తప్పులను ముందే దిద్దుకొని వెళ్లండి. అక్టోబరు నుండి జనవరి వరకు నీరు బాగా ఉంటుంది. భారీ వర్షం పడిన వెంటనే మాత్రం పోకండి. అలాంటప్పుడు దారి మూసివేయవచ్చు, మూయకపోయినా ఆ నీటిని నమ్మరాదు. వారం మధ్యలో, పొద్దున్నే తిరుపతిలో బయలుదేరండి. దిగిన వెంటనే తిరుగు బండి సమయం అడగండి. పొడి బట్టలు ఒక జత, పాతదైనా పట్టులేని చెప్పులు కాక పట్టున్న చెప్పులు తీసుకోండి. ప్లాస్టిక్ సంచులు, ఖాళీ సీసాలు మీతోనే వెనుకకు తెచ్చుకోండి. కోతులకు ఏమీ పెట్టకండి, వాటికి ఏమి కావాలో అవే తీసుకుంటాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని ఇంట్లో వదలిపోవద్దు. జలపాతం చూసినది మేమైనా, ఆ ఊరి మనిషిని చూసినది మా అమ్మగారే. టికెట్ల రేట్లు మారుతూ ఉంటాయి గనుక మా లెక్కకు మరి కొంత కలిపి పెట్టుకోండి. దానికి తోడు చిల్లర ఇరవైలు కొన్ని విడిగా ఉంచుకోండి, ఉసిరికాయల కొరకు.

బడి తెరిచిన రోజున మా అబ్బాయి ఏమి చెప్పాడో మాకు తెలియదు, అడగలేదు. మిక్సీ మరుసటి సంవత్సరం కొన్నాము. పాలపొడి డబ్బా తిరిగి తన చోటికి పోయినది. దాని మీద మా అమ్మాయి ఒక కాగితం అంటించినది. 'పాపికొండలు' అని వ్రాసి, క్రింద చిన్న అక్షరాలతో 'పొడి బట్టలు' అని వ్రాసినది. ఈ నెల లెక్క ప్రకారం అందులో రూ.640 ఉన్నవి.